దోర్నకల్ మహా దేవాలయము, బిషప్ అజరయ్య గారు

కాజీపేటలో బెజవాడ వైపు పోవు రైలెక్కి, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల దాటిన తరువాత దోర్నకల్ జంక్షను వస్తుంది. ఒకప్పుడు నిజాం రాజ్యములోనిదై, చాల కాలము మన వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ చిన్న ఊరిలో ఎపిఫనీ కథీడ్రల్ అను మహా దేవాలయము ఉన్నది. దానిని చూచినవారిలో చాలమంది మొదట తెల్లబోతారు. మసీదును తలపించే గుమ్మటములు, దేవళములలో కనిపించే రాతి స్తంభములు, వాటిపై తామరపూలు, అన్నిటికి పైన సిలువ. ఇది ఏ మతస్థుల కట్టడము అని కొత్తవారు అడుగుట మామూలే.

ఈ ప్రశ్నకు సమాధానము రాళ్ళలో లేదు. ఆ దేవాలయమును కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితములో ఉన్నది. మన సంఘములలో ఆయన పటము లేని గురువుల ఇల్లు అరుదు. ఆయన పేరు మీద పాఠశాలలు, హాళ్ళు ఉన్నవి. అయినను ఆయన ఎవరు, ఎక్కడివారు, ఎందుకు మన ప్రాంతమునకు వచ్చారు, ఎందుకు ఈ విధముగా దేవాలయము కట్టించారు అని మన యౌవనస్థులను అడిగితే చెప్పగలవారు తక్కువ. ఈ శతవార్షికోత్సవ సంచికలో ఆ సంగతులను క్లుప్తముగా మనవి చేయదలచినాము.

బాల్యము, విద్య

అజరయ్య గారు తెలుగువారు కారు. ఆయన 1874వ సంవత్సరము ఆగస్టు 17న తమిళ దేశములోని తిరునెల్వేలి ప్రాంతములో వెల్లాలన్‌విలై అను పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి పేరు ఎల్లెన్. చాల ఏండ్లు సంతానము లేక, ప్రార్థనాపూర్వకముగా ఎదురు చూచిన తరువాత పుట్టిన కుమారుడు గనుక, హన్నా కుమారుని జ్ఞాపకము చేసికొని శామ్యూల్ అని పేరు పెట్టుకొన్నారు. 1889లో తండ్రి చనిపోయారు. అప్పటికి బాలుడుగా ఉన్న ఆయనను భక్తిపరురాలైన తల్లి క్రమశిక్షణతో పెంచింది.

వారి కుటుంబము నాడార్ కులమునకు చెందినది. ఈ మాట ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. ఆ దినములలో తిరునెల్వేలి, రామనాథపురం ప్రాంతములలోని నాడార్లకు పెద్ద దేవళములలో ప్రవేశము లేదు. ఆ హక్కు విషయమై 1899లో శివకాశిలో ఘోరమైన అల్లర్లు జరిగినవి. కముది అను ఊరిలోని దేవళములో ప్రవేశించుటను గూర్చిన వ్యాజ్యము లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయి, 1908లో నాడార్లకు వ్యతిరేకముగా ముగిసినది. అజరయ్య గారి కుటుంబము క్రైస్తవ కుటుంబము గనుక ఆ వ్యాజ్యముతో వారికి సంబంధము లేదు. కాని గుడి వాకిలి వద్ద ఆపబడుట అంటే ఏమిటో ఎరిగిన జనులలో ఆయన పుట్టి పెరిగారు. ఈ సంగతి మనము దోర్నకల్ చేరినప్పుడు మరల జ్ఞాపకము చేసికొనవలసియుండును.

ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితము చదివారు. పట్టము పుచ్చుకొనకుండానే చదువు ముగించి, 1895లో వై.యం.సి.ఏ. సేవలో ప్రవేశించారు. అక్కడ అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీ గారితో ఏర్పడిన స్నేహము జీవితాంతము నిలిచినది. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసికొన్నారు. దక్షిణ ఇండియా క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకరు. కట్నము లేకుండా, ఆడంబరము లేకుండా ఆ వివాహము జరిగినది. తరువాతి కాలములో దోర్నకల్ స్త్రీల చదువు, స్త్రీల సహవాసములు, గురువుల భార్యల తరిఫీదు అన్నియు ఆమె చేతుల మీదుగా నడచినవి. బిషప్ గారి పని అని మనము చెప్పుకొనే దానిలో ఆమె పాలు తక్కువ కాదు.

దోర్నకల్ పిలుపు

1902లో అజరయ్య గారు సింహళములోని యాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతములకు సువార్తికులను పంపుట చూచి సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో సంఘములు యాఫ్నా సంఘముల కంటె పెద్దవి. అయినను సువార్త పని అంటే తెల్లదొరల పని, దాని ఖర్చు సముద్రము అవతలివారిది అను అభిప్రాయమే అక్కడ ఉండెను. ఆయన తిరిగి వచ్చి, స్నేహితులతో కలిసి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించారు. మనుష్యులు మనవారు, డబ్బు మనది, నిర్వాహము మనది అన్నదే ఆ సొసైటీ సూత్రము. 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపనలోను ఆయన ముఖ్యపాత్ర వహించారు.

తిరునెల్వేలి సొసైటీవారు తమ పొలముగా ఎంచుకొన్నది నిజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. తమిళులకు అది పరదేశమే. భాష వేరు, తిండి వేరు, ఎండలు వేరు, రాజు వేరు. మొదట ఇతరులను పంపిన అజరయ్య గారు కొన్నాళ్ళకు మనస్సాక్షి ఊరకుండనీయక తామే వచ్చుటకు నిశ్చయించుకొన్నారు. వై.యం.సి.ఏ.లో దేశమంతట పేరున్న ఉద్యోగమును విడిచి, 1909లో గురుపట్టములో మొదటి మెట్టైన డీకను అభిషేకము పొంది, భార్యా బిడ్డలతో దోర్నకల్ చేరారు. ముప్పది నాలుగేండ్ల వయస్సులో తెలుగు అక్షరములు దిద్దుకొన్నారు. మొదటి దినములలో వారి కాపురము గుడారములోనే. ఆ గుడారములో ఉన్నప్పుడు ఆయనకు చర్చి భవనము లేదు, పాఠశాల భవనము లేదు. పల్లెలలో చెట్ల క్రింద, మాల మాదిగ వాడలలో ఇంటి అరుగుల మీద ప్రార్థనలు జరిగినవి.

1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినది. అక్కడ ఆయన చేసిన ప్రసంగము ఇప్పటికిని సంఘ చరిత్రలో చదువబడుచున్నది. విదేశ మిషనెరీల త్యాగములను మెచ్చుకొనుచునే, దొర ఇచ్చువాడును దేశస్థుడు పుచ్చుకొనువాడునుగా ఉండే సంబంధము చాలదని, సమానుల మధ్య ఉండు స్నేహమే తమకు కావలెనని ఆయన నిర్భయముగా చెప్పారు. ఆ సభలోనే కొందరికి ఆ మాటలు కష్టము కలిగించినవి. అయితే దోర్నకల్ దేవాలయమును చూచువారు ఈ ప్రసంగమును మరువకూడదు. ఎడింబరోలో ఆయన మాటలతో అడిగిన దానినే దోర్నకల్‌లో రాళ్ళతో చేసి చూపించారని మా నమ్మకము.

మొదటి భారతీయ బిషప్

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు అజరయ్య గారిని బిషప్ చేయవలెనని పట్టుబట్టారు. నల్లవాడు తెల్లవారి మీద అధికారము చేయుట ఎట్లు అని మిషనెరీలలో కొందరు అడ్డుపడ్డారు. మనవారిలోను కొందరు కులము పేర, ప్రాంతము పేర అభ్యంతరము చెప్పారు. ఆ అడ్డంకులన్ని దాటి, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. వయస్సు ముప్పది ఎనిమిది.

దోర్నకల్ అధ్యక్ష మండలము ఆరంభములో చిన్నది. గురువులను చేతి వ్రేళ్ళ మీద లెక్కించవచ్చును. 1920లో కృష్ణా ప్రాంతపు సంఘములు కూడ చేరుటతో అది విశాలమైనది. అదే సంవత్సరము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. కాని ఆయన సంచారము మాత్రము ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెల నుండి పల్లెలకే. 1941 నాటికి బాప్తిస్మము పొందినవారి సంఖ్య రెండు లక్షలు దాటినది.

ఈ సంఖ్య కంటె ఆయన పద్ధతి ముఖ్యము. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తల మీద తన చేయి పెట్టుకొని, సువార్త చెప్పకుండ ఉండనని ప్రమాణము చేయవలెనని ఆయన నేర్పించారు. సువార్త చెప్పుట జీతగాని పని కాదు, కూలివాని పని కూడ అని దాని అర్థము. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యము తీసినప్పుడెల్ల ఒక పిడికెడు దేవుని కుండలో వేయు అలవాటును ఆయన ప్రోత్సహించారు. తన కడుపుకే చాలని ఇంట్లో ఆ పిడికెడు తీయుట ఎంత పెద్ద కానుకయో మన తల్లులకు తెలియును. కోత కాలములో పంట పండుగలు పెట్టించారు. ధాన్యము, కోళ్ళు, మేకలు, గుమ్మడికాయలు మోసికొని డప్పులతో జనము దేవాలయమునకు వచ్చేవారు. తెలుగు కీర్తనలు, భజనలు, నాటకములు సంఘములో నిలిచినవి. జాతరలను విడిచి వచ్చిన జనులకు ఆనందించుటకు మరియొక సందర్భము కావలెనని ఆయన ఎరుగుదురు.

మాలలు, మాదిగలు వేరు వేరుగా కూర్చుండుట, ఒకరితో ఒకరు పొత్తు లేకుండుట ఆయనను మిక్కిలి బాధించినది. ప్రభువు బల్ల యొద్ద ఒకే గిన్నెలో పాలుపొందినవారికి బావి దగ్గర వేర్పాటు ఏమిటని జీవితాంతము బోధించారు. ఈ పోరాటములో ఆయన పూర్తిగా గెలిచారని చెప్పలేము. ఇప్పటికిని అది ముగిసిన పోరాటము కాదని పాస్టరేటులలో పని చేయు మా వంటివారికి తెలియును.

ఏ రూపములో కట్టవలెను?

ఇంత సంఘము ఏర్పడుచుండగా, దానికి తల్లి దేవాలయము ఏ విధముగా ఉండవలెను అన్న ప్రశ్న వచ్చినది. ఆ దినములలో చర్చి అనగానే అందరి కన్నుల ఎదుట నిలిచేది ఇంగ్లండు చర్చి రూపమే. సూది మొన వలె ఆకాశమునంటు గోపురము, మొనదేలిన కమానులు, రంగుటద్దముల కిటికీలు. దీనిని గోథిక్ పద్ధతి అంటారు. చలి దేశములలో ఆ రూపమునకు కారణములున్నవి. మంచు నిలువకుండ జారిపోవుటకు ఏటవాలు కప్పు, ఎండ తక్కువ గనుక వెలుతురు కొరకు ఎత్తైన కిటికీలు. గోపురము గంట మ్రోగించుటకును, దూరమునుండి కనిపించుటకును పనికి వచ్చును.

మన పొరుగుననే ఆ పద్ధతిలో గొప్ప దేవాలయము ఒకటి లేచినది. వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు మెదక్‌లో 1914లో ఆరంభించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన కథీడ్రల్ అది. గోపురము ఎత్తు 175 అడుగులు. కరువు కాలములో అనేకమందికి ఆ పని కూడు పెట్టినది. దానిని చూచి సంతోషించని క్రైస్తవుడు ఉండడు. అజరయ్య గారు దోర్నకల్‌లో ఎంచుకొన్న మార్గము మాత్రము వేరు. ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని మేము చెప్పుట లేదు. రెండును దేవుని మహిమ కొరకే. అయితే రెండింటిలోని మాట వేరు.

సువార్త ఈ దేశమునకు అతిథిగా వచ్చి అతిథిగానే ఉండిపోకూడదని, ఈ నేలలో వేరూనవలెనని అజరయ్య గారి ఆశ. కాబట్టి ఆయన దేవాలయములో హిందూ దేవళముల స్తంభములు, ముస్లిముల గుమ్మటములు, కమానులు, క్రైస్తవ ఆరాధనకు కావలసిన అమరిక కలిసినవి.

హనుమకొండలో ఉన్న మనకు ఈ కలయిక వింత కాకూడదు. మన ఊరి నడుమ కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి ఉన్నది. వరంగల్ కోటలో కాకతీయుల శిలాతోరణముల ప్రక్కనే ఖుష్ మహల్ ఉన్నది. కాజీపేటలో దర్గా ఉన్నది. రాతి స్తంభమును, గుమ్మటమును ఒక్క పూటలో చూచి రాగల ప్రాంతము మనది. మన కన్ను వీటికి అలవాటు పడినది. పల్లె క్రైస్తవుడు గొప్ప కట్టడము అనగానే తలచుకొనేది వీటినే గాని, ఎన్నడు చూడని ఇంగ్లండు గోపురమును కాదు. బిషప్ గారు ఆ కన్నునకు అర్థమయ్యే భాషలో దేవాలయము కట్టించారు.

అయితే అనుకరణ వేరు, అన్వయము వేరు. దేవళములో ముందు మండపము, లోపల చీకటి గర్భగుడి ఉండును. గర్భగుడిలోనికి పూజారి తప్ప ఎవరును పోరాదు. మసీదులో విశాలమైన హాలు, అందరును ఒక దిక్కునకు తిరిగి వరుసలు తీరి ప్రార్థించుటకు అనువుగా ఉండును. క్రైస్తవ ఆరాధనకు కావలసినది ఏమి? సంఘమంతయు ఒక కప్పు క్రింద కూడవలెను. వాక్యము అందరికి వినబడవలెను. ప్రభువు బల్ల అందరికి కనబడవలెను, అందరును దాని యొద్దకు రావలెను. కాబట్టి దేవళము నుండి స్తంభము తీసికొనవచ్చును గాని మూసిన గర్భగుడిని తీసికొనలేము. దోర్నకల్‌లో స్తంభముల నడుమ నడచిపోవు దారి మూసిన తలుపు వద్ద ఆగదు, బల్ల యొద్దకు చేరును.

ఇక్కడ ముందు చెప్పిన సంగతిని జ్ఞాపకము చేసికొందము. దోర్నకల్ సంఘములో ఎక్కువ మంది మాల, మాదిగ కుటుంబములవారు. వారి తాత ముత్తాతలు దేవళమును దూరమునుండి చూచినవారే గాని లోపలి స్తంభమును తాకి చూచినవారు కారు. తిరువాంకూరు సంస్థానములో దేవాలయ ప్రవేశ ప్రకటన వచ్చినది 1936లో. మద్రాసు రాష్ట్రములో దేవాలయ ప్రవేశమునకు చట్టము వచ్చినది 1939లో. సరిగా ఆ కాలముననే దోర్నకల్‌లో తామరపూలు చెక్కిన స్తంభముల నడుమ ఆ జనులు తమ సొంత ఇంటిలో వలె కూర్చున్నారు. కముది దేవళపు వాకిలి మూయబడిన జాతిలో పుట్టిన బిషప్, వాకిలి మూయబడిన మరియొక జాతిని అటువంటి స్తంభముల నడుమ కూర్చుండబెట్టారు. ఇది కేవలము అందము కొరకు చేసిన పని అని ఎవరనగలరు?

స్పెయిన్ దేశములోని ఒక ఉదాహరణ

దేవాలయము పరాయి మతస్థుల పనితనమును తీసికొనుట తప్పు కాదా అని కొందరు సోదరులు అడుగుట మేము విన్నాము. లోక చరిత్రలో ఇది కొత్త సంగతి కాదు. స్పెయిన్ దేశమును చాల శతాబ్దములు ముస్లిం రాజులు పాలించారు. అక్కడ క్రైస్తవ రాజుల పాలన మరల వచ్చిన ప్రాంతములలో ముస్లిం శిల్పకళ నశించలేదు. తెరువెల్ అను పట్టణములో సెయింట్ పీటర్, సెయింట్ మార్టిన్ అను పారిష్ దేవాలయముల గంట గోపురములను చూచితే మినార్లని భ్రమ కలుగును. ఇటుకలతో అల్లిన కమానులు, రంగు పలకల అలంకారములు, అన్నియు ముస్లిం పనితనము నుండి వచ్చినవే. ఈ పద్ధతికి ముదేహర్ అని పేరు. 1986లో యునెస్కోవారు తెరువెల్ కట్టడములను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

అదే దేశములో సెవిల్ పట్టణపు కథీడ్రల్ గంట గోపురము నిజముగా ఒక మినారే. 12వ శతాబ్దములో మసీదునకు కట్టబడినది. పట్టణము జయింపబడిన తరువాత మసీదు స్థలములో కథీడ్రల్ వచ్చి, మినారు గంట గోపురమైనది. దానికిని దోర్నకల్‌కును ఉన్న భేదమును మనము గమనించవలెను. సెవిల్‌లో మినారు యుద్ధములో చేజిక్కినది. దోర్నకల్‌లో ఎవరి కట్టడమును ఎవరును లాగుకొనలేదు. ముస్లిం ప్రభువు రాజ్యములో, హిందువులు ఎక్కువగా ఉన్న ఊళ్ళ నడుమ, చిన్న మందయైన క్రైస్తవులు ఇరుగు పొరుగువారి కళను గౌరవించి తమ ఆరాధనకు వాడుకొన్నారు. జయించినవాని గుర్తు కాదు అది, పొరుగువాని గుర్తు.

ప్రతిష్ఠ

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినది. ఎడింబరోలో యువకుడుగా మాటలాడిన అజరయ్య గారు తాంబరములో భారత సంఘము తరపున ఆతిథ్యమిచ్చిన పెద్ద. ఆ సభ ముగిసిన ఎనిమిది దినములకు, 1939 జనవరి 6న, దోర్నకల్ మహా దేవాలయము ప్రతిష్ఠింపబడినది. ఆయన బిషప్ అయి అప్పటికి ఇరువది ఆరు సంవత్సరములు గడచినవి. ఆయనకు అరువది నాలుగేండ్లు.

ఈ క్రమమును గమనించుడి. మొదట గుడారము, తరువాత సంఘము, తరువాత గురువులు, ఉపాధ్యాయులు, పాఠశాలలు. అందరికంటె చివర వచ్చినది పెద్ద దేవాలయము. కట్టడము కొరకు సంఘమును ఆయన ఆపలేదు. సంఘము ఎదిగిన తరువాత దానికి తగిన ఇల్లు కట్టబడినది.

జనవరి 6 ఎపిఫనీ పండుగ, అనగా ప్రభువు అన్యజనులకు ప్రత్యక్షమైన పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు బేత్లెహేమునకు వచ్చి శిశువును పూజించిన సంగతిని ఆనాడు ధ్యానిస్తాము. ఆ జ్ఞానులు యెరూషలేములో కానుకలు కొని తేలేదు. తమ దేశములో దొరికే బంగారము, సాంబ్రాణి, బోళము పెట్టెలలో పెట్టి తెచ్చారు. ప్రభువు వాటిని అంగీకరించాడు. దేవాలయమునకు ఎపిఫనీ అను పేరు పెట్టుటలోను, ఆ పండుగనాడే ప్రతిష్ఠించుటలోను ఉన్న అర్థము ఇదియే అని మేము తలంచుచున్నాము. తెలుగు దేశము తన పెట్టె విప్పి, తన దగ్గర ఉన్న తామరపూవును, రాతి స్తంభమును, గుమ్మటమును ప్రభువు పాదముల యొద్ద పెట్టినది.

చివరి దినములు

అజరయ్య గారి జీవితము పొగడ్తలతోనే గడువలేదు. 1930 ప్రాంతములలో పల్లె జనులు గుంపులుగా క్రైస్తవులగుటను గాంధీ గారు తీవ్రముగా ఆక్షేపించారు. నిరక్షరాస్యులైన దళితులకు మతమును ఎంచుకొనే తెలివి ఎక్కడిది అన్న వాదన దేశమంతట వినబడినది. పేదవానికిని ఆత్మ ఉన్నదని, తన మేలు కీడులు తాను ఎరుగునని, అతని నిర్ణయమును తక్కువ చేయరాదని అజరయ్య గారు నిలిచారు. మరియొక ప్రక్క క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చుటను కూడ ఆయన ఒప్పుకొనలేదు. సంఘము ఒక రాజకీయ కులముగా మారిపోవునని ఆయన భయము. ఈ విధముగా ఇరు ప్రక్కలవారికిని ఆయన కొంత కొరకరాని కొయ్యగానే ఉండెను.

సంఘైక్యము ఆయన చివరి ఆశ. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశము నుండి ఆ పనిలో ముందు నిలిచారు. చీలిపోయిన సంఘము చీలిపోయిన సమాజమును ఏకము చేయలేదని ఆయన గ్రహించారు. అయితే మోషే వలె దూరమునుండి చూచుటయే ఆయన వంతైనది. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. తమిళ దేశములో పుట్టిన ఆయన శరీరము తెలుగు నేలలో, దోర్నకల్‌లోనే విశ్రమించుచున్నది.

మనకు నేర్పు సంగతి

ప్రియ సంఘ సభ్యులారా, ఇప్పుడు మన పాస్టరేటులన్నింటిలోను కట్టడముల కాలము నడచుచున్నది. పాత దేవాలయమును పడగొట్టి కొత్తది కట్టుదమనే మాట ప్రతి కమిటీలోను వినబడుచున్నది. సంఘము పెరిగి చోటు చాలనప్పుడు కట్టవలసినదే. కాని పొరుగు సంఘము గోపురము కంటె మన గోపురము ఎత్తుగా ఉండవలెనని కట్టునప్పుడు, చందా ఇవ్వలేని విధవరాలు వెనుక బల్లలోనికి జరుగునప్పుడు, దోర్నకల్ గుడారమును జ్ఞాపకము చేసికొందము. పిడికెడు బియ్యము వేసిన తల్లి పేరు ఏ శిలాఫలకము మీదను లేదు.

మన పెద్దలు కట్టిన పాత దేవాలయములను కాపాడుకొనుటయు సేవయే. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు, శ్రద్ధ కావలెను. గోడ సందులలో మొలిచిన రావి మొక్కను చిన్నగా ఉన్నప్పుడే వేరుతో తీయించవలెను. కప్పు మీది నీరు పోవు తూములను వానలకు ముందు శుభ్రపరచవలెను. పాత కట్టడములు చాల వరకు డంగు సున్నముతో కట్టినవి. అట్టి గోడ తేమను పీల్చి మరల విడుచును. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలనే నిలిచి గోడ పాడగును. కాబట్టి సున్నము పని తెలిసిన మేస్త్రీని వెదకి పని చేయించవలెను. చెక్కిన రాతి స్తంభములకు ఆయిలు పెయింటు వేయించుట అలంకారము కాదు, చెక్కడమును పూడ్చివేయుట. పడగొట్టక తప్పని స్థితి వస్తే, అంతకుముందే ఫొటోలు, కొలతలు తీయించి, శిలాఫలకములను, రిజిస్టర్లను భద్రపరచవలెను.

హనుమకొండ పిల్లలను వేయిస్తంభముల గుడి చూపించుటకు పాఠశాలలవారు తీసికొని పోవుదురు. మన సండేస్కూలు పిల్లలను సంవత్సరమునకు ఒకసారి దోర్నకల్‌కు తీసికొని పోవుట కష్టము కాదు. ఉదయపు రైలులో పోయి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. స్తంభముల మీది తామరపూలను వారు లెక్క పెట్టుదురు గాక. ఈ పూవు ఇక్కడ ఎందుకున్నదని అడుగుదురు గాక. గుడి వాకిలి వద్ద ఆపబడిన జనులను దేవుడు లోపలికి పిలిచిన కథను, పరాయి భాష నేర్చుకొని మన మధ్య గుడారము వేసిన ఒక మనుష్యుని కథను అప్పుడు వారికి చెప్పుదము.